ఎండిన ఎర్ర నేలలో ఎర బుట్టలకు, ఎలుకల బోనులకు గూటము పాతుట



తొలకరి పడిన మరునాడు మీరు చేలో దీపపు ఎర నిలిపితిరి అనుకొనుడు. మూడు కర్రలు పైన కలిపి కట్టి, దీపము వ్రేలాడదీసి, క్రింద పళ్ళెములో నీరు పోసి, నాలుగు చుక్కల కిరోసిను కలిపి ఇంటికి వచ్చితిరి. రాత్రి తొమ్మిది గంటలకు పడమటి గాలి లేచినది. తెల్లవారి పోయి చూడగా కర్రలు ఒక వైపు, పళ్ళెము ఒక వైపు పడి ఉన్నవి. ఆ రాత్రి పళ్ళెములో పడవలసిన ఎర్ర గొంగళి రెక్కల పురుగులు చేను మీద తిరిగి వందల గుడ్లు పెట్టి పోయినవి. మూడు నాలుగు రోజులలో ఆ గుడ్లు పిల్లలగును. మొలకెత్తిన వేరుశనగ రెండాకుల మీద ఉండగానే ఆ పిల్లలు మేయనారంభించును. ఎకరమునకు సుమారు 60 కిలోల విత్తనపు గింజ పోసి విత్తిన రైతు మరల విత్తనము ఎక్కడ తెచ్చుకొనును? తెచ్చుకొన్నను మరల విత్తుటకు పదును ఎక్కడిది?

దీపము మంచిదే. కిరోసిను చాలినంత ఉన్నది. లోపమంతయు కర్ర కాలి క్రింద ఉన్నది. అనంతపురము సీమలో ఎర పెట్టుటకన్న దానిని నిలబెట్టుట కష్టము. ఈ సంగతి మన పుస్తకములలో ఎక్కువగా కనిపించదు. "ఎకరమునకు నాలుగు లింగాకర్షక బుట్టలు అమర్చవలెను" అని ఒక్క ముక్కలో వ్రాసి ముగించుదురు. అమర్చుట ఎట్లో, గడారి దిగని నేలలో గూటము ఎట్లు దిగునో ఇక్కడ వివరించుచున్నాము.

నేల ఎందుకు రాయి అగుచున్నది?

మన మెట్ట భూములలో ఎక్కువ భాగము ఎర్ర నేలలు. వీటిలో ఇసుక, గరుసు హెచ్చు, బంకమన్ను తక్కువ. తక్కువయే అయినను ఆ బంకమన్ను ఎండినప్పుడు ఇసుక రేణువులను సిమెంటు వలె అతికించును. పైన ఒక పొర కట్టును. ఏప్రిల్, మే నెలలలో ఈ నేలపై గడారి వేసిన చేతులు అదురునే గాని మొన నాలుగు అంగుళములు దిగదు. ఇదే నేల ఒక మంచి వాన కురిసిన రెండవ నాడు వెన్న వలె ఉండును. మన్ను మారలేదు, తడి మాత్రమే మారినది. తడి తగిలిన వెంటనే బంకమన్ను పట్టు సడలును, ఆరిన కొలదిని మరల బిగియును. దుక్కికి మీరు పదును చూచునట్లే గూటమునకును పదును చూడవలెను.

మంచు దేశములలోను ఇదే చిక్కు కలదు. కెనడా, రష్యా వంటి చోట్ల శీతకాలమందు నేలలోని తడి గడ్డకట్టి, పై మన్ను రాతి వలె బిగియును. అక్కడ బోనులు పెట్టువారు నేల గడ్డకట్టక ముందే, మన్ను మెత్తగా ఉన్న రోజులలో గూటములను పాతి ఉంచుకొందురు. గడ్డకట్టిన తరువాత ఆ గూటము ఎవ్వరు లాగినను రాదు. అక్కడ చలి చేయు పని ఇక్కడ ఎండ చేయుచున్నది. వారికి శరత్కాలము ఎట్లో మనకు కార్తీక మాసము అట్లు.

మన సీమలో వర్షము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ పడు నెల సెప్టెంబరు. అక్టోబరు, నవంబరులలో ఈశాన్య ఋతుపవనముల జల్లులు కొంత కురియును. కాయలు పీకి, చెట్టు వామి వేయు నాటికి గట్ల మీది మన్నులో ఇంకను పదును ఉండును. వచ్చే జూనులో దీపపు ఎర ఎక్కడ నిలుపవలెనో ఆ చోట గుంతలు తీయుటకు, గూటములు దించుటకు అదే తరుణము. జూనులో తొలకరి పడిన తరువాత పాతుకొందము అని అనుకొనువారు ఒక్కటి గుర్తుంచుకొనవలెను. ఆ నాలుగు రోజులు మీకు విత్తనము, గొర్రు, ఎద్దులు లేక ట్రాక్టరు తప్ప మరొకటి తోచదు. గొంగళి రెక్కల పురుగు మాత్రము మీ తీరిక కొరకు ఆగదు. అది నిరుడు ప్యూపా దశలో గట్ల క్రింద, చెట్ల నీడన మన్నులో దాగి, ఈ తొలి వాన తడి కొరకే నెలల తరబడి కాచుకొని ఉండును. వజ్రకరూరు చేలలో తొలి వాన పడగానే వజ్రముల కొరకు వెదకువారు బయలుదేరుదురు గదా, ఈ పురుగు వారికన్న ముందే బయలుదేరును.

గాలి సంగతి

పడమటి కనుమల చాటున ఉండుటచే నైఋతి ఋతుపవనము మనకు వాన తక్కువగాను, గాలి ఎక్కువగాను తెచ్చును. రామగిరి, వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతములలో గాలిమరలు బారులు తీరి నిలిచినది ఊరక కాదు. జూను నుండి ఆగస్టు వరకు వీచు ఈ గాలి సరిగా మన ఎరలు చేలో ఉండవలసిన రోజులలోనే వీచును. ఆషాఢపు గాలి ఎట్టిదో మీకు చెప్ప నక్కరలేదు. ఒక్క మేలు ఏమనగా, ఆ గాలి ఇష్టము వచ్చిన దిక్కు నుండి రాదు, పడమర, నైఋతి దిక్కుల నుండియే వచ్చును. కావున మన బలమంతయు ఏ పక్కన పెట్టవలెనో ముందే తెలియును.

మూడు కాళ్ళ దీపపు ఎరనే చూడుడు. గాలి పడమటి నుండి త్రోసినప్పుడు తూర్పు కాళ్ళు నేలకు మరింత అదుముకొనును, పడమటి కాలు పైకి లేచును. అందుచేత ఒక కాలు పడమటికి, రెండు కాళ్ళు తూర్పునకు ఉండునట్లు నిలుపుడు. ఆరు లేక ఏడు అడుగుల కర్రలైన కాలికి కాలికి నాలుగు అడుగుల ఎడము ఉండవలెను. మూడింటికిని అరయడుగు లోతు గుంతలు చాలును. పడమటి కాలికి మాత్రము ప్రత్యేకముగా ఒక గూటము పాతి, కాలిని దానికి తీగతో బిగించి కట్టవలెను. ఆ గూటము తల పడమటి వైపు వాలి ఉండవలెను. నిటారుగా పాతిన గూటము తాడు లాగిన కొలదిని వదులగును. ఎదురు వాలుగా పాతినది లాగిన కొలదిని మన్నును అదుముకొనును. తీగను గూటము తలకు కట్టరాదు. నేలను తాకుచున్న చోట కట్టుడు. తలకు కట్టిన తీగ మీటవలె పని చేసి గూటమును పెల్లగించును. పశువుల కట్టుగూటము విషయములో మన పెద్దలు ఈ సూత్రమును ఎన్నడో ఎరుగుదురు, ఎరల విషయములో మనము మరచితిమి.

కార్తీకము దాటిపోయినచో

పదునులో పాతుకొనని వారే ఎక్కువమంది ఉందురు. వారికి మార్గము లేకపోలేదు.

మొదట చోటు చూచుకొనుడు. గడారితో రెండు దెబ్బలు వేసిన "ఖంగు"మని మ్రోగినచో క్రింద రాతి పలక ఉన్నది. దానితో పోరాడి గడారి మొన చెడగొట్టుకొనుట దండుగ, రెండు మూడు అడుగులు జరుగుడు. మ్రోత మెత్తగా ఉన్నచోట పై పొరను ఒక అంగుళము మేర చెక్కి తీసివేసి, చుట్టు చిన్న కట్ట వేసి, సాయంకాలము నీరు పోయుడు. పొర తీయక పోసిన నీరు ఇంకదు, ప్రక్కకు పారిపోవును. ఒక బిందె నీరు మూడు నాలుగు గుంతలకు సరిపోవును. ఒక్కసారిగా కుమ్మరింపక చెంబుతో మూడు నాలుగు మారులు పోయవలెను. పైన తడి గోనెయో, వేపాకు కొమ్మయో కప్పి వదలుడు. నీటికి కరవైన ఊరిలో బిందెడు నీళ్ళు నేలకు పోయుమని చెప్పుట కష్టముగానే ఉన్నది గాని, పశువులు కడిగిన నీరైనను, పాత్రలు తోమిన నీరైనను ఈ పనికి పనికివచ్చును.

తెల్లవారిన తరువాత గడారి వేయుడు. ఒకే చోట గ్రుద్దక, మొనను చుట్టు త్రిప్పుచు రంధ్రము చేయవలెను. గూటము కన్న రంధ్రము రెండు వ్రేళ్ళు వెడల్పుగా ఉన్న చాలును. లోతు ఎంత అనగా, ఐదడుగుల కర్రకు అడుగున్నర. లోపలి మన్ను ఆరి ఉన్నచో మరికొంత నీరు పోసి గంటసేపు ఆగుడు. తొందరపడి సమ్మెటతో కర్రను నేరుగా నేలలోనికి కొట్టువారు కలరు. కర్ర తల పగులును, లేదా మొన ఒక రాయి అంచున జారి గూటము వంకరగా దిగును. వెదురు బొంగునైతే ఎన్నడును కొట్టరాదు. అది నిలువున చీలిపోవును, రంధ్రములో దించవలసినదే.

పూడ్చుటలోనే చాలామంది పొరబడుదురు. బురద చేసి పోసిన గూటము ఆ పూట గట్టిగా కనిపించును. నాలుగు రోజులలో బురద ఎండి, ముడుచుకొని, గూటము చుట్టు సందు పడును. సరియైన పద్ధతి ఇది: కర్రను నిలిపి, మొదట దాని అడుగున చుట్టు మూడు నాలుగు కోడిగ్రుడ్డంత రాళ్ళు ఇరికింపవలెను. దానిపై నాలుగు వ్రేళ్ళ మందము చెమ్మ మన్ను వేసి గడారి వెనుక కొనతో దిమ్మిస చేయవలెను. మరల రాళ్ళు, మరల మన్ను. నేల మట్టమునకు వచ్చునప్పుడు పడమటి అంచున ఒకటి, తూర్పు అంచున ఒకటి పెద్ద రాళ్ళను చీలల వలె బిగించుడు. మన చేలలో రాళ్ళకు కొరత లేదు, గట్టు గట్టున కుప్పలున్నవి. ఎన్నడు పనికిరాని ఆ రాయి ఇక్కడ పనికివచ్చును.

పాతిన పిదప పరీక్ష చేయుడు. రొమ్ము ఎత్తున రెండు చేతులతో పట్టి నాలుగు దిక్కులకు ఊపుడు. నేలమట్టమున వ్రేలు దూరునంత సందు కనిపించినచో పూడిక తీసి మరల దిమ్మిస చేయవలసినదే.

అరయడుగుకే రాతి పలక తగిలి, ప్రక్కకు జరుగ వీలులేని చేలు కొన్ని గలవు. అట్టి చోట గూటము ఆశ వదలుకొనుడు. పదిహేను లీటర్ల పాత రేకు డబ్బాయో, రంగుల బకెట్టో తీసుకొని నడుమ కర్ర నిలిపి చుట్టును రాళ్ళు, గరుసు కూరి నింపుడు. నిండిన డబ్బా ఇంచుమించు పాతిక కిలోలు తూగును, లింగాకర్షక బుట్టకు అది చాలును. దీపపు ఎరకైన ఒక పొడవాటి రాతికి నడుమ తీగ చుట్టి, అడుగు లోతు పల్లములో అడ్డముగా పడుకోబెట్టి, పైన రాళ్ళు, మన్ను వేసి దిమ్మిస చేయుడు. తీగ కొనను మాత్రము పైకి వదలుడు. ఇది పడవ లంగరు వంటిది. రాయి అడ్డముగా ఉన్నంత వరకు గాలి దానిని లాగలేదు. విదేశములలో ఇనుప పలకను సలాకతో నేలలోనికి దింపి, తీగ పట్టి లాగినప్పుడు లోపలనే అడ్డము తిరుగునట్లు చేసిన లంగరులు అమ్ముదురు. సూత్రము రెండింటికి ఒక్కటే. మన రాయికి ఖర్చు లేదు.

నల్లరేగడి, ఇసుక దిబ్బలు

తాడిపత్రి, యాడికి, ఉరవకొండ వైపు నల్లరేగడి రైతులకు పై మాటలన్నియు అట్లే వర్తించవు. రేగడి తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు నెర్రెలు విచ్చును. నెర్రె గూటము ప్రక్కగా పోయినచో రెండు వ్రేళ్ళతో పీకిన వచ్చును. ఇక్కడ లోతు రెండడుగులకు తక్కువ కారాదు. వారమునకు ఒకసారి నెర్రెలను మన్నుతో పూడ్చి కాలితో త్రొక్కవలెను.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలములలో వేదవతి (హగరి) వెంబడి, ముఖ్యముగా దర్గాహొన్నూరు చుట్టుపక్కల, గాలి ఇసుకను పొలముల మీదికి తెచ్చి దిబ్బలు కట్టుచున్నది. అక్కడ గడారికి పని లేదు, గూటము చేతితోనే దిగును, చేతితోనే వచ్చును. ఇసుకలో పొడవులో సగము లోపల ఉండవలెను. లేదా ఇసుక నింపిన సిమెంటు సంచిని రెండడుగుల లోతున పూడ్చి, దానికి తీగ కట్టుకొనవలెను.

బుట్ట వాలినచో లెక్క తప్పును

లింగాకర్షక బుట్ట విషయము ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. పొగాకు లద్దె పురుగునకు ఎకరమునకు నాలుగు బుట్టలు పెట్టునది ముఖ్యముగా పురుగు ఉనికి తెలిసికొనుటకు. బుట్ట పైరు కొసకు ఒక అడుగు ఎత్తున ఉండవలెను. వేరుశనగ చిన్న పైరు గనుక బుట్ట నేల నుండి రెండడుగులలోనే వ్రేలాడును, గాలి మీట బలము తక్కువ. కంది సాళ్ళలో శనగపచ్చ పురుగు కొరకు పెట్టు బుట్ట అట్లు కాదు. కంది మనిషెత్తు పెరుగును. కర్ర ఎనిమిది అడుగులైనను కావలెను. ఎత్తు హెచ్చిన కొలదిని గాలి కర్రను పెల్లగించు బలము హెచ్చును. దీనికి రెండడుగుల లోతు, పడమటి వైపు ఒక తీగ తప్పవు. బుట్ట క్రింది పాలిథీను సంచి గాలికి కొట్టుకొని చినుగుచుండును. దాని కొనను కర్రకు ఒక చోట కట్టుడు.

కర్ర వాలి బుట్ట పైరులో మునిగినచో వాసన గాలిలో పరచుకొనదు, మగ పురుగులు రావు. వారము చివర సంచి విప్పి చూచిన మీకు రెండో మూడో పురుగులు కనిపించును. చేలో పురుగు లేదనుకొని ఊరుకొందురు. గ్రామ వ్యవసాయ సహాయకుడును ఆ లెక్కయే వ్రాసికొని పోవును. ఆ తరువాత పది దినములకు ఆకులు జల్లెడ అగును. బుట్ట లేని చేనికన్న వాలిన బుట్ట గల చేనికి నష్టము ఎక్కువ, ఏలనన లేని చోట రైతు చేను తిరిగి చూచుకొనును, ఉన్న చోట బుట్టను నమ్ముకొనును. కావున పురుగులు లెక్కించు ముందు కర్రను ఊపి చూడుడు. వాలినదైనచో ఆ వారము లెక్కను కొట్టివేయుడు. గ్రామాధికారులును, సహాయకులును తమ పుస్తకములలో "బుట్ట నిలిచి ఉన్నదా?" అని ఒక గడి వేసికొనుట మంచిది.

జిగురు అట్టలకును గాలి బెడద కలదు. 2000 సంవత్సరము ఖరీఫులో కాండము కుళ్ళు వైరసు తెగులు మన జిల్లా వేరుశనగను ఎట్లు పాడుచేసినదో పెద్దవారికి గుర్తుండును. వయ్యారిభామ పుప్పొడితో కూడి తామర పురుగులు ఆ వైరసును వ్యాపింపజేయును. ఆ తామర పురుగుల జాడ తెలిసికొనుటకు పెట్టు నీలి అట్ట గాలికి తెరచాప వంటిది. అట్ట ముఖమును పడమటికి త్రిప్పినచో గాలి దెబ్బ తగులుటయే గాక ఒక్క పూటలో దుమ్ము అంటి జిగురు చచ్చును. అంచు పడమటికి, ముఖములు ఉత్తర దక్షిణములకు ఉండునట్లు నిలుపుడు.

ఎలుకల బోనుల గూటము

ఎలుకలు ఎక్కువగా గట్లలోనే బొరియలు చేయును. గట్లు ఏండ్ల తరబడి త్రొక్కుడుపడి చేనికన్న గట్టిగా ఉండును. బోనును కట్టకయే పెట్టినచో కాలు చిక్కిన పందికొక్కు బోనుతో సహా బొరియలోనికి దూరును, లేదా కుక్కయో నక్కయో చచ్చిన ఎలుకతో పాటు బోనును ఎత్తుకొని పోవును. కత్తెర బోనుకైనను, వెదురు విల్లు గల తంజావూరు బుట్టకైనను అరగజము తీగ, ఒక అడుగు ఇనుప చీల చాలును. ఇల్లు కట్టగా మిగిలిన 12 మిల్లీమీటర్ల కడ్డీ ముక్కను కమ్మరి వద్ద ఒక కొన సూదిగాను, ఒక కొన కొక్కెముగాను చేయించుకొన్న ఏండ్ల తరబడి ఉండును. చీలను తల నేలమట్టము వరకు దించవలెను. పైకి పొడుచుకొని ఉన్నచో కాళ్ళకు, పశువుల గిట్టలకు గ్రుచ్చుకొనును. బోనులను తెల్లవారగానే చూచుకొనుడు. పిల్లలు, కోళ్ళు తిరుగు చోట పగలు బోను విప్పి ఉంచరాదు.

అదే చేలో T ఆకారముగా అడ్డుకర్ర కట్టిన గుంజలు నాలుగైదు నిలిపినచో పగలు పక్షులు వాలి పురుగులను, రాత్రి గుడ్లగూబలు వాలి ఎలుకలను తినును. గుడ్లగూబను అపశకునమని తరుముట మానవలెను. మన గట్ల మీద దానికన్న నమ్మకమైన కాపలాదారు లేదు. ఆ గుంజ ఊగినచో పక్షి వాలదు, కావున పైన చెప్పిన పూడిక పద్ధతి దీనికిని వర్తించును.

అడవిపందికి ఉచ్చు వద్దు

ఇంత చదివిన తరువాత "గట్టి గూటము ఎట్లు పాతవలెనో తెలిసినది గదా, అడవిపందికి ఉచ్చు బిగించుదము" అని కొందరికి తోచవచ్చును. పందులు ఒక్క రాత్రిలో అరయెకరము వేరుశనగను పెల్లగించి పోవుట మేము ఎరుగుదుము. ఆ రైతు కడుపుమంట న్యాయమైనదే. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఉచ్చు వేయుట, బోనులో పట్టుట కూడ వేట క్రిందనే లెక్క. అడవిపంది ఆ చట్టపు రక్షణలో ఉన్న జంతువే. చట్టము అటుంచి, ఉచ్చునకు కన్నులు లేవు. కల్యాణదుర్గము, రాయదుర్గము కొండల నుండి ఎలుగుబంట్లు, చిరుతలు పొలములకు దిగుచున్నవి. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక మెట్ట చేలలోనే మేయుచున్నది. గట్టిగా పాతిన గూటమునకు కట్టిన ఉచ్చులో చిక్కినది ఎలుగైనచో తెల్లవారి నీరు పెట్ట వచ్చిన మనిషి బ్రతికి ఇంటికి చేరడు. కంచెకు కరెంటు తీగ తగిలించుట అంతకన్న ఘోరము, ప్రక్క చేని రైతులే దానికి బలియైనారు. పందుల బెడద ఉన్న ఊరివారు పంట నష్టమును వ్రాతమూలకముగా అటవీశాఖ వారికి తెలుపవలెను. గ్రామాధికారి ఆ అర్జీకి చేను సర్వే నంబరు, నష్టపోయిన విస్తీర్ణము జతచేసి ధ్రువీకరించినచో విచారణకు వచ్చువారికి పని సులువగును.

గ్రామాధికారులకు

దీపపు ఎర ఒక్క రైతు పెట్టిన ప్రయోజనము స్వల్పము. రెక్కల పురుగు గట్టు చూచి ఆగదు. మంచి వాన పడిన మరునాటి నుండి నాలుగైదు రాత్రులు ఊరంతయు ఒకేసారి, రాత్రి 7 గంటల నుండి 11 గంటల వరకు దీపములు వెలిగించవలెను. ఆపైన వెలిగించినచో మేలు చేయు పురుగులు కూడ పడును. దీనికి దండోరాయైనను, ఫోనులో సందేశమైనను వెంటనే పోవలెను. అంతకు ముందు, నవంబరులోనే ఊరి మెట్ట పొలములో దీపములు నిలుపవలసిన చోట్లను గుర్తించి, గుంతలు తీయించి, ప్రతి గుంతలో ఒక అడుగు పాత ప్లాస్టిక్ పైపు ముక్కను నిలిపి, చుట్టు రాళ్ళతో దిమ్మిస చేయించుడు. పైపు నోటికి గుడ్డ కుక్కి ఉంచినచో మన్ను పడదు. జూనులో గుడ్డ తీసి కర్ర దించుటయే పని. కర్ర పైపులో వదులైనచో ప్రక్కన ఒక కర్ర చీలిక దిగగొట్టుడు.

చెరువు కట్ట మీద గాని, ఇంకుడు చెరువుల కట్టల మీద గాని గూటములు పాతనీయవద్దు. ఎత్తైన చోటు, దీపము దూరమునకు కనిపించును అని కొందరు అక్కడే పాతుదురు. గూటము పీకిన రంధ్రములో నీరు దారి చేసికొన్నచో కట్టకే ప్రమాదము. డ్రిప్పు వేసిన చీనీ, దానిమ్మ తోటలలో గడారి వేయు ముందు పైపు ఏ వరుసన పోవుచున్నదో చూచుకొనవలెను. బోరు మోటారు తీగ భూమిలో వేసిన చోట్ల మరింత జాగ్రత్త అవసరము.

కర్ర, దాని ఆయుస్సు

సర్కారు తుమ్మ మన దగ్గర ఎక్కడ చూచినను ఉన్నది, గుంజలకు చక్కగా పనికివచ్చును. చెదలు మొదట బెరడును పట్టును గనుక బెరడు తీసి, నీడన ఆరనిచ్చి, నేలలో దిగు భాగమును మంటపై పైకి నల్లగా మాడునంత వరకు కాల్చుడు. దానిపై ట్రాక్టరు నుండి తీసిన పాత నూనె పూసినను మంచిదే. నూనె పూసిన కర్రను కూరగాయల మడులలో పాతవద్దు. చండ్ర, వేప కర్ర దొరికినవారికి ఇంత శ్రమ అక్కరలేదు.

పంట ముగిసిన తరువాత గూటములు పీకునప్పుడు బలము చూపనక్కరలేదు. పదునులో పాతి ఎండలో బిగిసిన గూటమును పెల్లగింప చూచినచో విరుగును. మొదట రాతి చీలలను గడారితో తీసి, చుట్టు చెంబెడు నీరు పోసి, ఒక పూట ఆగి, గుండ్రముగా త్రిప్పుచు లాగిన వచ్చును. ఇనుప చీలలను తుడిచి, నూనె రాసి, తీగలతో పాటు ఒక గోనెలో కట్టి అటుకపై పెట్టుడు. కర్రలను గోడకు నిలువుగా ఆనించుటకన్న దూలమునకు అడ్డముగా కట్టిన వంకర తిరుగవు, చెదలును చేరవు.